మూడో మలుపు దాకా

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఇంకోసారమ్మే. బండి బాగైందట, తీసుకుపోతామని ఎవరొచ్చినా ఆమె నోట ముందు వచ్చే మాట "ఇంకోసారి చూద్దాం" అనేదే కాబట్టి, పేరు పెట్టినవాళ్ళని తప్పుపట్టడానికి లేదు. పద్దెనిమిదేళ్ళు కొండదారిలో బస్సు నడిపింది. మోకాలు మొరాయించాక ఆ ఉద్యోగం మానేసి తమ్ముడి గ్యారేజీకి వచ్చింది. వచ్చీ రాగానే గేటు పక్క గోడకి ఒక మేకు కొట్టింది. పని పూర్తయిన బండి తాళంచెవి ఆ మేకుకి తగిలించాలి. దాన్ని అక్కణ్ణుంచి తీసి బండివాళ్ళ చేతిలో పెట్టే హక్కు ఆమె ఒక్కదానికే. ఆ గ్యారేజీలో ఇంకే చట్టమైనా అటూఇటూ అవుతుందేమో గానీ ఈ ఒక్కటి మాత్రం కాదు.

తమ్ముణ్ణి చిన్నోడు అంటారు. నలభై రెండేళ్ళొచ్చాయి, నెత్తిమీద సగం జుట్టు శాశ్వతంగా సెలవు పెట్టేసింది, అయినా చిన్నోడే. మంచి పనివాడు. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ కథలో వాడొక తప్పు చేస్తాడు, చదివేవాళ్ళు వాణ్ణి చేతకానివాడని అనుకునే ప్రమాదం ఉంది. చేతకానివాడు కాదు. చేతనైన వాళ్ళు మాత్రమే చేయగలిగే తప్పులు కొన్ని ఉంటాయి, వాటిలో ఒకటి చేశాడు, అంతే.

శుక్రవారం మధ్యాహ్నం రేడియో తన వ్యాన్ తీసుకుని వచ్చాడు. రేడియో అంటే మనిషే. కొండమీది బడికి పద్నాలుగు మంది పిల్లల్ని తీసుకెళ్ళి తీసుకొచ్చే డ్రైవరు. ఆగకుండా మాట్లాడతాడు, అందుకని ఆ పేరు. ఆరోజు మాత్రం ముఖం వేలాడేసుకుని వచ్చి, చిన్నోడి ముందు కూలబడ్డాడు.

"తమ్ముడూ, నన్ను నువ్వే గట్టెక్కించాలి. కొండ ఎక్కేటప్పుడు సరిగ్గా మూడో మలుపు దగ్గర బండి చచ్చుబడిపోతోంది. మొదట స్టీరింగు ముందు మీటర్ల మధ్య ఇంజన్ దీపం వెలుగుతుంది, ఆ తర్వాత ఎంత తొక్కినా నడిచిపోతున్నట్టే. వెనక లారీలు ఒకటే హారన్లు. పోయిన వారమైతే కాస్త వెనక్కి కూడా జారింది. పిల్లలు ఒకటే ఏడుపు."

"వేరేచోట చూపించావా అన్నా?"

"రెండుసార్లు. రెండుసార్లూ మిషన్ పెట్టి దీపం ఆర్పి పంపించారు. ఆర్పిన దీపం మళ్ళీ మలుపు దగ్గర వెలిగింది. బళ్ళో పెద్ద టీచరమ్మ నిన్న చెప్పేసింది, సోమవారం నుంచి ఒక్కసారి ఆగినా ఇంక నువ్వు రానక్కర్లేదు, వేరే వ్యాన్ పెట్టుకుంటామని. ఆవిణ్ణి అనడానికేముంది? నేనైనా అదే అందును."

చిన్నోడు స్కానర్ తగిలించాడు. బండి లోపలి కంప్యూటరుతో మాట్లాడే ఆ చిన్న పెట్టె చేతిలో ఉంటే వాడి ధీమాయే వేరు. తప్పు కోడ్ ఒక్కటే వచ్చింది. ఇంజనులోకి టర్బో తోసే గాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్ నుంచి కబురు అందడం లేదని దాని అర్థం. కబురు అందకపోతే కంప్యూటర్ బెదిరిపోయి, ఇంజనుకి ఏమైనా అవుతుందేమోనని బలం కోసేస్తుంది. బండి చచ్చుబడేది అందుకే. చిన్నోడికి ఇందులో ఆలోచించాల్సిందేమీ కనిపించలేదు. కోడ్ చెరిపేశాడు, కొత్త సెన్సర్ తెప్పించి బిగించాడు, గ్యారేజీ చుట్టూ నాలుగు వీధులు తిప్పి చూశాడు. దీపం వెలగలేదు. బండి గుర్రంలా పరిగెత్తింది. "అయిపోయిందన్నా" అని రేడియో భుజం తట్టి, తాళంచెవి మేకుకి తగిలించాడు.

శనివారం పొద్దున్నే బండి కోసం రేడియో వచ్చాడు, వెనకే అక్క వచ్చింది. మేకుకున్న తాళంచెవి చూసింది, చిన్నోడి నోట్‌బుక్ తీసి చూసింది, మళ్ళీ చిన్నోణ్ణి చూసింది.

"ఒరేయ్ చిన్నోడా, ఇందులో కోడ్ రాశావు. దాంతోపాటు ఉండేది ఏది?"

చిన్నోడు నాలుక కరుచుకున్నాడు. తప్పు జరిగిన క్షణంలో బండి ఎంత వేగంలో ఉంది, ఇంజన్ ఎంత వేడిగా ఉంది, పెడల్ ఎంత తొక్కారు, ఇవన్నీ కంప్యూటర్ ఫోటో తీసినట్టు దాచిపెడుతుంది. కోడ్ చెరిపితే ఆ ఫోటో కూడా చెరిగిపోతుంది. అందుకే ముందు రాసుకో, ఆ తర్వాత చెరుపు అన్నది ఆ గ్యారేజీలో చిన్నోడు స్వయంగా నలుగురికి నేర్పిన పాఠం. కోడ్ చూడగానే రోగం తెలిసిపోయిందన్న తొందరలో ఆ పాఠాన్ని తనే మింగేశాడు.

"చెరిపేశానక్కా."

తిడుతుందనుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. అక్క నోట్‌బుక్ మూసి, స్టూలు లాక్కుని రేడియోకి ఎదురుగా కూర్చుంది.

"సరే. బండి చెప్పాల్సింది బండి మర్చిపోయింది. నువ్వు చెప్పు నాయనా. ఆ మలుపు దగ్గర నువ్వేం చేస్తావు? మొదట్నుంచీ చెప్పు."

రేడియోని మొదట్నుంచీ చెప్పమనడానికి గుండె ధైర్యం కావాలి. అతను బడి గంట దగ్గర మొదలుపెట్టి, మధ్యలో తన అత్తగారి కంటి ఆపరేషన్, తన పాప బడి చదువు మీదుగా వెళ్ళి, మూడో మలుపు చేరేసరికి అరగంట పట్టింది. అక్క ఒక్కచోట కూడా అడ్డురాలేదు. కావలసిన ముక్కలు మాత్రం ఏరుకుని కాగితం మీద రాసుకుంది. పద్నాలుగు మంది పిల్లలు, ఒక్కొక్కరి వీపు మీద సంచీ. ఏసీ వేసి ఉంటుంది. గ్యారేజీ వీధి నుంచి మలుపు దాకా పన్నెండు నిమిషాలు. ఎడమవైపు మలుపు, రెండో గేరు, మలుపు దాటుతూనే గట్టిగా తొక్కాలి, లేకపోతే ఎక్కదు.

"నువ్వు నిన్న తిప్పింది ఖాళీ బండి, సమానంగా ఉన్న రోడ్డు" అంది చిన్నోడితో. "పక్కింటివాడికి జ్వరమొస్తే నువ్వు వెళ్ళి మందు మింగినట్టుంది."

చిన్నోడి ముఖం గాలి తీసిన ట్యూబులా అయింది.

అక్క లెక్క వేసింది. పిల్లా సంచీ కలిపి సగటున ముప్పై ఐదు కిలోలు. పద్నాలుగు మందికి నాలుగువందల తొంభై. "పాడైన బండి పరీక్షకి మనుషుల్ని ఎక్కించం. కానీ మనం ముగ్గురం వెళ్ళక తప్పదు. నేను డ్రైవర్ లెక్కలో పోతాను. మీరిద్దరూ కలిపి నూట నలభై ఉంటారు. అందులో ఎనభై చిన్నోడిదే." మిగిలింది మూడువందల యాభై. పక్కనున్న సిమెంటు కొట్టు నుంచి ఇరవై ఐదు కిలోల ఇసుక బస్తాలు పద్నాలుగు వచ్చాయి. కొట్టువాడు నోరు వెళ్ళబెట్టి చూస్తుండగా, బస్తాలు ఎక్కడ పడితే అక్కడ పడెయ్యడం కుదరదు, పిల్లలు ఎక్కడ కూర్చుంటారో బస్తాలూ అక్కడే కూర్చోవాలని అక్క తీర్పు చెప్పింది. రేడియో ఒక్కో బస్తాకీ సీటు బెల్టు పెట్టాడు. పెడుతూ ఊరుకోలేదు. "ఇదిగో, ఇది వాగుడుకాయ సీటు. ఇవి నీ పక్కన కూర్చోనంటే నీ పక్కన కూర్చోనని కొట్టుకునే కవలలవి. ఇది దారంతా ఇంకెంతసేపూ అని అడిగే పిల్లాడిది. ఒరేయ్, ఈరోజైనా నోరు మూసుకుని కూర్చో" అని ఆ బస్తా నెత్తిన ఒక్కటి తట్టాడు. ఎంత దిగులులో ఉన్నా చిన్నోడికి నవ్వాగలేదు.

పదిన్నరకి బయల్దేరారు. అక్క నడుపుతోంది, చిన్నోడు పక్క సీట్లో స్కానర్ పట్టుకుని కూర్చున్నాడు, రేడియో వెనక బస్తాల మధ్య ఉన్నాడు. స్కానర్ తెర మీద గాలి ఒత్తిడి గీత పైకీ కిందికీ నెమ్మదిగా ఊగుతోంది. మొదటి మలుపు. రెండో మలుపు. కొత్త సెన్సర్ ముద్దుగా పనిచేస్తోంది. చిన్నోడికి లోపల చిన్న ఆశ తలెత్తింది, అక్క పొరపాటు పడిందేమో, అంతా సరిగ్గానే ఉందేమో, నోట్‌బుక్ సంగతి ఒక చీవాటుతో పోతుందేమో అని.

మూడో మలుపు. అక్క రెండో గేరు వేసింది, తిప్పింది, తొక్కింది. తెర మీద గీత మెట్టు తప్పినట్టు ఒక్కసారిగా సున్నాకి పడిపోయింది. దీపం వెలిగింది. బండి నీరసించింది.

"చూశారా! చూశారా!" అని రేడియో వెనకనుంచి ఏడుపుగొంతుతో అరిచాడు.

అక్క హెచ్చరిక దీపాలు వేసి, బండిని రోడ్డు పక్క వెడల్పు చోటుకి మెల్లగా చేర్చి, చేతి బ్రేకు లాగింది. చిన్నోడికి అవమానంతో చెవులు వేడెక్కాయి. తలెత్తి చూస్తే అక్క ముఖం వెలిగిపోతోంది, పోయిన నగ దొరికినదానిలా.

"దొరికింది. ఇప్పుడు రాసుకో, చెరపకముందే."

చిన్నోడు రాశాడు. రెండో గేరు. గంటకి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. ఇంజన్ వేడి తొంభై రెండు. పెడల్ ఎనభై నాలుగు శాతం. తప్పు అదే, సెన్సర్ నుంచి కబురు అందలేదు. అంటే రోగం సెన్సరుది కాదు. కబురు బయల్దేరుతోంది, దారిలో పోతోంది.

"ఇంకొకటి కూడా రాయి" అంది అక్క. "దీపం కంటే ముందు నా పాదం కింద దెబ్బ తగిలింది. నేల కింద ఎవరో గుద్దినట్టు. అది తగిలాక ఒక్క క్షణానికి దీపం. ముందు దెబ్బ, వెనక దీపం. అర్థమైందా?"

చిన్నోడికి అప్పుడే అర్థమైందంటే అబద్ధం. గ్యారేజీకి తిరిగొచ్చాక అర్థమైంది. అక్క, చుట్టూ మూగిన పనివాళ్ళందర్నీ బండి ముందునుంచి తప్పించి, పక్కగా నిలబెట్టింది. బానెట్ ఎత్తి, తను సీట్లో కూర్చుని, బ్రేకు బలంగా తొక్కిపట్టి, గేరు వేసి క్లచ్ కొంచెం వదిలింది. ఇంజన్ మొత్తం కుర్చీలోంచి లేచే పెద్దమనిషిలా ఒకవైపు పైకి లేచింది, క్లచ్ తొక్కగానే ధబ్బుమని కూర్చుంది. ఇంజన్ని బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ ఒకటి అడ్డంగా తెగిపోయి ఉంది. ఇంజన్ లేచిన ప్రతిసారీ సెన్సరుకి వెళ్ళే వైర్లు బిగుసుకుని ఒక ఇనుప బద్దకి రాసుకుంటున్నాయి. చిన్నోడు టార్చి వేసి చూశాడు. ఒక వైరు మీద తొడుగు అరిగి లోపలి రాగి తళతళలాడుతోంది. అది ఇనుముకి తగిలిన క్షణంలో కబురు ఆగిపోతోంది. ఖాళీ బండి, సమానమైన రోడ్డు అయితే ఇంజన్ అంతగా లేవదు, వైరు తగలదు, ఎవరికీ ఏమీ తెలియదు.

వాడు టార్చి ఆర్పకుండా అలాగే నిలబడిపోయాడు. చదివిన చదువులో స్కానరన్న మాటే లేని మనిషి, పాదంతో విన్నది. తన చేతిలో ఉన్న పెట్టెకి తెలియనిది ఆమె చెప్పులోంచి తెలుసుకుంది. అక్క మీద గౌరవం ఎప్పుడూ ఉంది గానీ, ఇన్నాళ్ళూ ఆమె పట్టుదలని వాడు చాదస్తం ఖాతాలో వేసుకుని ఓర్చుకునేవాడు. ఆ క్షణంలో సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గులో సంతోషం కూడా ఉంది, తనకి ఇలాంటి అక్క ఉందని.

"నోరు తెరిచింది చాలు, పని చూడు" అంది అక్క.

మధ్యాహ్నం భోజనం సంగతి ఎవరికీ గుర్తురాలేదు. కొత్త దిమ్మ బిగించాడు. అరిగిన వైరు కోసి, కొత్త ముక్క అతికి, మందపాటి తొడుగు వేసి, ఇంజన్ కదిలినా లాగకుండా కాస్త వదులుగా ఉండేటట్టు, ఆ బద్దకి దూరంగా కట్టాడు. అంతా అయ్యాక అక్క కొత్త సెన్సర్ వైపు వేలు చూపించింది.

"అది తీసేసి పాతది పెట్టు."

"పాతదా? ఎందుకక్కా, కొత్తది ఉండగా?"

"పాపం, అది ఏ తప్పూ చెయ్యలేదు. దాన్ని మళ్ళీ ఉద్యోగంలో పెట్టు. దాంతోనే కొండ ఎక్కితే, మనం పట్టుకున్న దొంగే అసలు దొంగని తేలుతుంది."

కోడ్ చెరిపారు, ఈసారి రాసుకున్నాకే. అవే బస్తాలు, అదే ఏసీ, అవే పన్నెండు నిమిషాలు. మూడో మలుపులో అక్క రెండో గేరులో ఎనభై నాలుగు శాతం దాకా తొక్కింది. చిన్నోడు తెర చూస్తున్నాడు. పాత సెన్సర్ గీత వంకర లేకుండా పైకి వెళ్ళింది. దెబ్బ లేదు, దీపం లేదు. వ్యాన్ కొండ మీదికి ఎక్కేసింది. చిన్నోడు ఈల వేశాడు. రేడియో బస్తాలతో చేతులు కలిపాడు.

"రేపు పొద్దున మళ్ళీ" అంది అక్క.

ఇది చాదస్తం కాదని చిన్నోడికి తెలుసు. కోడ్ చెరిపాక కంప్యూటర్ తన పరీక్షలన్నీ తను మొదటినుంచి మళ్ళీ చేసుకుంటుంది. వాటిలో కొన్ని పూర్తిగా చల్లారిన ఇంజన్ మొదలైతేనే జరుగుతాయి. అవి పూర్తికాకుండా దీపం లేదని సంబరపడితే, పరీక్ష రాయకుండానే పాసయ్యానని ఇంట్లో చెప్పుకున్నట్టే.

ఆదివారం పొద్దున చల్లటి ఇంజన్ మొదలుపెట్టారు. అక్క తాళంచెవి రేడియో చేతిలో పెట్టింది. "ఈసారి నువ్వు నడుపు. సోమవారం నడిపేది నువ్వు కదా." తను వెళ్ళి అన్నిటికంటే వెనక సీట్లో, చిన్నపిల్లలు కూర్చునేచోట, మోకాలు పట్టుకుని కూర్చుంది.

రేడియో దారంతా మాట్లాడాడు. రెండో మలుపు దాటాక గొంతు ఆగిపోయింది. మూడో మలుపు తిరిగారు, ఎక్కారు, పైకి చేరారు. చిన్నోడు స్కానర్ చూశాడు. కంప్యూటర్ పరీక్షలన్నీ పూర్తయ్యాయి. ఉన్న కోడ్ లేదు, రాబోతున్న కోడ్ లేదు.

"అన్నీ పాసయ్యాయక్కా! ఇంక తాళం ఇచ్చేయొచ్చు."

"మలుపులో పెడల్ ఎంత?"

చిన్నోడు రికార్డు వెనక్కి తిప్పాడు. నలభై ఒకటి. రేడియో తొక్కాల్సిన చోట పాదం ఎత్తేశాడు. ఇంజన్ లేచేంత బలం అసలు అడగనేలేదు. ఈ ఎక్కడం పరీక్షే కాదు.

"ఇంకోసారి" అంది అక్క.

ఇంకోసారి ఎక్కారు. ముప్పై ఎనిమిది. ఈసారి ఇంకా తగ్గింది. చిన్నోడికి విసుగొచ్చింది. "అన్నా, తొక్కు! బండికి ఏం కాదు, నేను చెప్తున్నాగా" అన్నాడు.  రేడియో రోడ్డు పక్కన ఆపి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

అక్క వెనకనుంచి లేచి, ఒక్కో బస్తా దాటుకుంటూ వచ్చి అతని వెనక సీట్లో కూర్చుంది.

"నాయనా, నీకూ బడికెళ్ళే పిల్ల ఉందన్నావు కదా. అదీ ఈ బళ్ళోనేనా?"

"అక్కడేనక్కా. రెండో తరగతి."

"మరి ఈ పద్నాలుగు మందిలో చెప్పలేదే?"

 రేడియో తల ఎత్తకుండానే అన్నాడు, "పదిరోజుల నుంచి దాన్ని ఎక్కించుకోవట్లేదక్కా. మా మరదలు స్కూటర్ మీద దింపుతోంది. వెనక్కి జారిన రోజు నుంచి. నా పిల్లని ఎక్కించుకోవడానికి భయమేసింది. ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని మాత్రం ఎక్కించుకున్నాను. రోజూ ఎక్కించుకున్నాను. రోజూ ఆ మలుపు దగ్గర..." మాట పూర్తి కాలేదు. అంత మాటకారి ఒక్క వాక్యం పూర్తి చెయ్యలేకపోవడం చిన్నోడు చూడలేకపోయాడు. కిటికీలోంచి బయటికి చూశాడు.

"తప్పు చేశావు" అంది అక్క. మెత్తగా చెప్పలేదు. "ఆ సంగతి నీకూ తెలుసు కాబట్టి నేను ఇంక అనను. కానీ ఇది శుక్రవారమే చెప్పుంటే బాగుండేది. బండి గురించి నీ దగ్గరున్న నిజమైన రిపోర్టు అదొక్కటే." తర్వాత చిన్నోడి వైపు తిరిగింది. "ఇతనికి ఏం బాగుచేశావో చూపించావా?"

చిన్నోడు లెక్క చూసుకున్నాడు. మొదటి గ్యారేజీ బాగైందంది. రెండో గ్యారేజీ కూడా బాగైందంది. శుక్రవారం తనూ భుజం తట్టి అయిపోయిందన్నాడు. ముగ్గురూ చెప్పినవాళ్ళే, చూపించినవాళ్ళు లేరు. నిన్న బానెట్ ఎత్తినప్పుడు కూడా రేడియో పాపం వెనక ఎక్కడో నిలబడ్డాడు, అన్ని తలల మధ్య నుంచి అతనికి ఏం కనిపించిందో ఎవరూ అడగలేదు. మాటలతో మూడుసార్లు మోసపోయిన పాదం నాలుగో మాట విని తొక్కమంటే ఎలా తొక్కుతుంది?

కిందికి దిగి గ్యారేజీకి వచ్చారు. చిన్నోడు చెత్తడబ్బాలోంచి తెగిన దిమ్మ తీసి, రెండు ముక్కలూ రేడియో రెండు చేతుల్లో పెట్టాడు. కోసేసిన వైరు ముక్క వెతికి తీసి, రాగి తేలినచోట అతని వేలు పెట్టించాడు. "ఇదన్నా నిన్ను ఏడిపించింది. ఇంత ముక్క." బానెట్ ఎత్తి, రేడియోని పక్కగా, బాగా కనిపించేచోట నిలబెట్టాడు. అక్క బ్రేకు తొక్కి గేరు వేసి క్లచ్ వదిలింది. ఇంజన్ బిగదీసుకుంది గానీ లేవలేదు. "మళ్ళీ" అన్నాడు రేడియో. అక్క మళ్ళీ చేసింది. "మళ్ళీ." ఐదుసార్లు చేయించాడు. ఐదోసారి అతనే వంగి, వైర్లు ఎటు లాగుతున్నాయో చూశాడు. లాగడం లేదు. చిన్నోడు ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగు మాటలకి బదులు నలభై నిమిషాలు పట్టింది, అయినా ఆ నలభై నిమిషాలు వృథా అని వాడికి అనిపించలేదు.

మళ్ళీ కొండ. మూడో మలుపు. రేడియో దవడ బిగించాడు, తిప్పాడు, రెండో గేరులో పాదం దించాడు. ఇంజన్ గర్జించింది. తెర మీద ఎనభై ఐదు. గీత చక్కగా, నింపాదిగా పైకి వెళ్ళింది. వ్యాన్ కొండ మీద బడి గేటు దాకా వెళ్ళింది. అక్కడ ఆపి, దిగి, రేడియో బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"అక్కా, ఇప్పుడే ఇంటికెళ్ళి మా పాపని తీసుకొస్తాను. దాన్ని ఎక్కించుకుని ఒక్కసారి ఎక్కుతాను. అప్పుడు నాకు..."

"వద్దు." అక్క గొంతు మెత్తబడింది. "పరీక్షకి పిల్లని తేవద్దు. పరీక్ష అయిపోయింది. రేపు బడికి తీసుకురా, ఎక్కించుకోవాలనిపిస్తేనే. ఎక్కించుకోవాలనిపించకపోతే బండి తెచ్చి ఇక్కడ పెట్టెయ్, ఆ పద్నాలుగు మందినీ కూడా ఎక్కించొద్దు. మళ్ళీ మొదటినుంచి వెతుకుదాం."

గ్యారేజీకి తిరిగొచ్చి బస్తాలు దించాక తాళంచెవి అతనికి ఇచ్చేసింది.

ఆ ఆదివారం చిన్నోడికి ఇంట్లో కుదురులేదు. కాలు గాలిన పిల్లిలా అటూఇటూ తిరుగుతుంటే భార్య, "బండి నీదా, అతనిదా?" అని అడిగింది. కంప్యూటర్ సరేనంది. అక్క సరేనంది. తన నోట్‌బుక్కులో అంకెలన్నీ సరిగ్గా కూర్చున్నాయి. అయినా వాడు ఎదురుచూస్తున్నది అంకెల కోసం కాదు. వ్యాన్ రేపు పొద్దున గ్యారేజీ గేటు లోపలికి తిరుగుతుందా, గేటు ముందునుంచి సాగిపోతుందా, అదొక్కటే.

సోమవారం ఏడుంబావుకల్లా గేటు దగ్గరికి వెళ్ళాడు. గ్యారేజీ తెరిచేది తొమ్మిదికి. అక్క అప్పటికే అక్కడుంది, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, ఆ దారిన పోయే ఎవరికోసమూ చూడనట్టు ముఖం పెట్టుకుని. ఇద్దరూ ఒకరినొకరు ఎందుకొచ్చావని అడుక్కోలేదు.

ఏడూ ఇరవైకి వ్యాన్ వీధి మొదట్లో కనిపించింది. కిటికీల నిండా తలలు. లోపల ఒకటే గోల. గేటు దగ్గరికొచ్చేసరికి వేగం తగ్గింది.  వ్యాన్ తిరగలేదు. రేడియో కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, బొటనవేలితో తన వెనక సీటు చూపించాడు.

అక్కడ రెండు జడల పిల్ల ఒకతి, సీటు బెల్టు పెట్టుకుని, ఒళ్ళో సంచీ కౌగలించుకుని ఉంది. చుట్టూ అంత గోల జరుగుతుంటే, నోరు కొంచెం తెరుచుకుని, తల కిటికీ అద్దానికి ఆనించి హాయిగా నిద్రపోతోంది.

వ్యాన్ కొండదారి వైపు తిరిగింది. చిన్నోడి కళ్ళు నిండిపోయాయి, తుడుచుకోలేదు. అక్క టీ చల్లారిపోయింది. ఆమె ఆ గ్లాసు అలాగే పట్టుకుని, కొండ మీద రెండో గేరు చప్పుడు వినిపించేదాకా అక్కడే నిలబడింది.